తోమా అడిగిన రుజువు

తోమా పేరు వినగానే మనకు గుర్తొచ్చేది అతని అపనమ్మకం. యోహాను సువార్త 20వ అధ్యాయం మీద ప్రసంగం అంటే చాలు, ఆ శిష్యుణ్ణి కాసేపు మందలించి తృప్తిపడతాం. అయితే 2015లో అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్ర సెనేట్‌లో ఒక సభ్యుడు లేచి, ఒక చట్టం కావాలని అడుగుతూ ఆ తోమానే తన పక్షాన సాక్షిగా నిలబెట్టారు. ఆయన పేరు క్లెమెంటా పింక్నీ. చార్లెస్టన్‌లోని నల్లజాతి మెథడిస్టుల ఇమ్మానుయేలు చర్చికి ఆయనే కాపరి.

పింక్నీ 13 ఏళ్లకే వాక్యం ప్రకటించడం మొదలుపెట్టారు. 1996లో రాష్ట్ర దిగువ సభకు, 2000లో సెనేట్‌కు ఎన్నికయ్యారు. కాపరికి రాజకీయాలెందుకు? మన సంఘాల్లోనూ వినిపించే ప్రశ్నే. తప్పు ప్రశ్న కాదు. ఎన్నికలప్పుడు మాత్రమే బైబిలు పట్టుకుని గుడికి వచ్చేవాళ్లను మనం చూడకపోలేదు. కానీ పింక్నీ ఆ రోజు సెనేట్‌లో అడిగింది తన కోసం కాదు.

ఆ ఏడాది ఏప్రిల్ 4న పక్కనే ఉన్న నార్త్ చార్లెస్టన్‌లో ఒక పోలీసు, కారు ఆపి తనిఖీ చేస్తూ, పారిపోతున్న వాల్టర్ స్కాట్ అనే నల్లజాతీయుణ్ణి కాల్చి చంపాడు. తన చేతిలోని టేజర్ లాక్కున్నాడని, ప్రాణభయంతో కాల్చానని చెప్పాడు. మూడు రోజులకు దారిన పోయే ఒకతను సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో బయటపడింది. చేతిలో ఏ ఆయుధమూ లేకుండా పరుగెత్తుతున్న మనిషి వీపు మీదికి తూటాలు వెళ్లడం ప్రపంచమంతా చూసింది.

పోలీసులు ఒంటికి కెమెరా తగిలించుకోవాలన్న బిల్లు గురించి మాట్లాడుతూ పింక్నీ ఇదే గుర్తుచేశారు. మొదట వార్త విన్నప్పుడు కొందరు నమ్మలేదని, మేకుల గురుతులు చూస్తేగాని నమ్మనన్న తోమాలా ఉన్నారని, వీడియో చూశాకే నమ్మారని చెప్పారు. చంపిన పోలీసు కుటుంబం కోసం కూడా తమ మనసు బాధపడుతోందని అదే ప్రసంగంలో అన్నారు.

ఇక్కడ మనం కాస్త ఆగాలి. తోమా అడిగినప్పుడు ప్రభువు తన గాయాలు దాచుకోలేదు, చేతులు చాపి చూపించాడు. ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ నేరస్థుడిగా తేల్చరాదని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. బలవంతుడి మాటకే విలువ ఉండే చోట రుజువు అడగడం అవిశ్వాసమెలా అవుతుంది?

జూన్ 10న గవర్నర్ ఆ బిల్లుపై సంతకం చేశారు. సరిగ్గా వారానికి, జూన్ 17 బుధవారం రాత్రి, ఇమ్మానుయేలు చర్చిలో బైబిలు స్టడీ జరుగుతోంది. ఆనాటి పాఠం మార్కు సువార్తలోని విత్తువాని ఉపమానం. ముక్కూమొహం తెలియని ఒక తెల్లజాతి యువకుడు వస్తే పక్కనే చోటిచ్చారు. దాదాపు గంటసేపు వాళ్లతో కూర్చుని, అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్న వేళ తుపాకి తీశాడు. 9 మంది చనిపోయారు. వారిలో పింక్నీ ఒకరు. ఆయనకు 41 ఏళ్లు.

రెండు రోజులకే కోర్టులో కొందరు బంధువులు హంతకుణ్ణి క్షమిస్తున్నామన్నారు. ఆ మాటను మన ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. అందరూ ఆ మాట అనలేదు, అనాలని అడిగే హక్కు మనకు లేదు కూడా. పైగా క్షమాపణ చెప్పుకున్నంత సులువుగా తుపాకి సంగతి మరిచిపోతాం. ఆ యువకుడి మీద అప్పటికే మాదకద్రవ్యం కేసు ఉంది. కొనుగోలుదారుడి గత చరిత్ర పరిశీలన మూడు పనిదినాల్లో ముగియకపోతే దుకాణదారుడు తుపాకి అమ్మేయవచ్చు. అలాగే అమ్మాడు. పరిశీలనలో పొరపాటు జరిగిందని ఎఫ్‌బీఐ డైరెక్టరే ఆ జూలైలో ఒప్పుకున్నారు. ఆ గడువు పెంచే బిల్లు 2019లో, 2021లో అమెరికా ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. 2022 చట్టం గడువు పెంచడానికి వీలు కల్పించింది గాని, 21 ఏళ్లు నిండనివారి విషయంలోనే. ఈ హంతకుడికి అప్పటికే 21 నిండాయి.

బానిసత్వం కోసం పోరాడినవారి కాన్ఫెడరేట్ జెండాను మాత్రం 2015 జూలై 10న రాష్ట్ర శాసనసభ ఆవరణలోంచి దించేశారు. అది తక్కువ సంగతేమీ కాదు.

ఇక కెమెరాల చట్టం. అందులోనే ఒక మెలిక ఉంది. ఆ కెమెరాల్లో రికార్డయినది ప్రజాపత్రం కాదు, సమాచార హక్కు కింద సామాన్యుడు అడిగినా ఇవ్వనక్కర్లేదు. తోమా ఇంకా గుమ్మం బయటే ఉన్నాడన్నమాట.

హంతకుడికి 2017లో మరణశిక్ష పడింది. ద్వేషనేరాల కింద అతణ్ణి విచారించింది ఫెడరల్ చట్టమే, సౌత్ కరోలినాకు అలాంటి చట్టం లేదు. దాన్ని తెచ్చే బిల్లును రాష్ట్ర దిగువ సభ 2021లోనూ 2023లోనూ ఆమోదించింది. రెండుసార్లూ సెనేట్‌లో ఓటింగ్ దాకా రాలేదు. ఆ బిల్లుకు పెట్టిన పేరు క్లెమెంటా పింక్నీ. ఆయన 14 ఏళ్లకు పైగా కూర్చున్న సభ అది.