బెండకాయ కొస విరిచి చూస్తాం, మరి పుస్తకం?

పుస్తకాల కొట్లో నిలబడ్డ పాఠకుడు ఏ పుస్తకం కొనాలో ఎలా తేల్చుకుంటాడు? “నచ్చింది కొంటాడు, ఇందులో చర్చకేముంది?” అని మిత్రులు అనవచ్చు. కాని చదవకముందే నచ్చడం ఎలా సాధ్యమన్నదే నా ప్రశ్న.

మాది మల్లాపూర్. నాచారం పారిశ్రామికవాడ పక్కనే. నేను చదువుకునే రోజుల్లో మా వీధి దుకాణాల్లో నోటు పుస్తకాలు, గైడ్లు, పెన్నులు దొరికేవి. కథల పుస్తకం కావాలంటే హబ్సిగూడ, తార్నాక దాటి కోఠీ వైపు బస్సెక్కాల్సిందే. అక్కడ బ్యాంక్ స్ట్రీట్‌లో విశాలాంధ్ర (2014లో రాష్ట్రం వేరుపడ్డాక తెలంగాణలో అది నవచేతన అయింది), కాచిగూడ చౌరస్తా దగ్గర నవోదయ, ఆదివారమైతే మూసివున్న షాపుల ముందు ఆబిడ్స్ ఫుట్‌పాత్. బస్సు చార్జీలు పోను చేతిలో మిగిలేది ఒక్క పుస్తకానికే. ఎంపిక తప్పిందో, ఆ నెల అంతే సంగతులు!

అలా ఒకసారి తప్పాను. నున్నటి అట్ట, వెనక పెద్దల ప్రశంసలు, లోపల మూడు ముందుమాటలు చూసి ఒక నవల కొన్నాను. నలభై పేజీలు దాటలేకపోయాను. కారఖానా డ్యూటీ దిగి వచ్చిన మా నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “బెండకాయలు కొనేటప్పుడు కొస విరిచి చూస్తవు గదరా, దీన్నెందుకు ఇప్పి చూడలే?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన పెద్దగా చదువుకున్నవాడు కాదు. కాని ఫుట్‌పాత్ మీద పుస్తకం తీస్తే నడిమి పేజీ తెరిచి నిలబడే చదివేవాడు. తెలియకుండానే వేలు పేజీ తిప్పిందా, ధర అడిగేవాడు. లేదా, కింద పెట్టేవాడు.

నిజం ఒప్పుకుందాం. మనలో చాలామంది కొట్టుకి వెళ్ళేసరికే నిర్ణయం అయిపోయి ఉంటుంది. దాన్ని చేసింది మనం కాదు. ఒకప్పుడు వారపత్రికలు చేసేవి. యండమూరి “తులసీదళం” ఆంధ్రభూమిలో సీరియల్‌గా చదివినవాళ్ళకు ఆ పుస్తకం చేతికొచ్చేనాటికే పాత పరిచయం. వారం వారం రుచి చూసి మరీ కొన్న పాఠకులు వాళ్ళు. ఒక విధంగా అదృష్టవంతులు. ఆ సీరియళ్ళ కాలం పోయింది. ఇప్పుడు స్నేహితుడి మాట, బహుమతి వార్త, సెల్‌ఫోన్‌లో కనిపించే చుక్కల మార్కులు ఆ పని చేస్తున్నాయి.

ముందుమాటల సంగతి వేరే చెప్పాలి. “మహాప్రస్థానం” 1950లో పుస్తకంగా వచ్చినప్పుడు చలం రాసిన యోగ్యతాపత్రం ఆ కవిత్వంతోపాటే నిలిచిపోయింది. కాని అలాంటిది ఏ కొద్దిచోట్లో జరుగుతుంది. సాధారణంగా మన ముందుమాట పెళ్ళిపందిట్లో ఆశీర్వచనం లాంటిది. అక్కడ ఎవరూ లోపాలు చెప్పరు. దాన్ని నమ్మి పుస్తకం కొనడమంటే ఆశీర్వచనం విని కాపురం ఎలా సాగుతుందో చెప్పడమే!

ఇక అరల అన్యాయం ఒకటుంది. మన కవితా సంపుటాలు చాలావరకు పల్చన. వెన్ను మీద పేరు అచ్చువేయడానికి చోటే ఉండదు. రెండు లావుపాటి నవలల మధ్య ఇరుక్కున్న కవిని ఎవరు చూస్తారు? వెతికే చేతికి తప్ప అతను దొరకడు.

ధర మాటేమిటంటారా? 1935లో ఇంగ్లండులో అలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకాలను ఆరు పెన్నీలకు, అంటే అప్పటి సిగరెట్ పెట్టె ధరకు, అమ్మాడు. అట్టమీద బొమ్మ లేదు. నవలకు నారింజ రంగు, అపరాధ పరిశోధనకు ఆకుపచ్చ. అంతే. అయినా జనం కొన్నారు. ధర అందుబాటులో ఉంటే పాఠకుడు తెలియని రచయితను కూడా పరీక్షించి చూస్తాడు. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు మన ఇళ్ళలోకి నడిచి వచ్చింది కూడా ఇందుకే. ధర పెరిగేకొద్దీ మనకు ధైర్యం తగ్గి, తెలిసిన పేర్ల దగ్గరే ఆగిపోతాం.

రెండు పేజీలతో పుస్తకమంతా తేలిపోతుందా అని లెక్చరర్లు అడగవచ్చు. తేలదు. మెల్లగా లొంగే గొప్ప పుస్తకాలున్నాయి. వాటి దాకా మనల్ని తీసుకుపోవడానికి గురువో, స్నేహితుడో కావాలి. నేనూ కాదనను. అయితే వాళ్ళ మాట అర దాకా దారి చూపాలి. డబ్బు తీసే ముందు మాత్రం మన కళ్ళు పని చెయ్యాలి. ఆ ఒక్క పని కూడా ఇతరులకు అప్పగిస్తే, రేపు ఏది మంచి రచన అని ఎవరైనా అడిగినప్పుడు మనదంటూ చెప్పడానికి ఏం మిగులుతుంది?

కాబట్టి అధ్యాపకులకు నా మనవి: క్లాసులో పుస్తకం పేరు చెప్పి ఊరుకోకండి, ఒక పేజీ చదివి వినిపించండి. కొట్టువారికి మనవి: ప్రతి పుస్తకంలో ఒక్క కాపీకైనా ప్లాస్టిక్ తొడుగు తీసి ఉంచండి. విద్యార్థి సంఘం మిత్రులకు మనవి: 1985 నుంచి నగరంలో పుస్తక ప్రదర్శన జరుగుతోంది, సరే, అక్కడికి అందరం వెళదాం. కాని ఏడాదికి ఒక్కరోజు కాలేజీ వరండాలో నాలుగు బల్లలు వేసి, పల్చటి పుస్తకాలను ముఖం కనిపించేలా పరిచి పెట్టండి. మల్లాపూర్ నుంచో, ఉప్పల్ నుంచో వచ్చే కుర్రవాడు నిలబడి చదువుకోనివ్వండి.

కొనకపోయినా ఏమీ అనకండి.