విమానం గిరుక్కున తిరిగితే!

పిల్లలూ! సైకిలు నేర్చుకున్నవాళ్ళకు తెలుసు, ఎక్కడం కన్నా దిగడం కష్టం. చిన్న విమానాల సంగతీ అంతే. చక్రాలు నేలకు ఆనగానే గండం గడిచిందనుకుంటాం. కాని ఒకరకం విమానాలకు అసలు గండం అప్పుడే మొదలవుతుంది.

1938లో అమెరికాలో పైపర్ కబ్ అనే పసుపుపచ్చని విమానం వచ్చింది. ఇద్దరు పట్టే ఈ బుల్లి విమానంలో ఎంతోమంది విమానం నడపడం నేర్చుకున్నారు. దానికి రెండు పెద్ద చక్రాలు ముందూ, ఒక చిన్న చక్రం తోక కిందా వుంటాయి. అందుచేత నేలమీద అది ముక్కు పైకెత్తి నిలబడుతుంది. నడిపేవాడికి ఆ ముక్కే అడ్డం. పాపం, ఎదుటి దారి కనబడక పక్కలకు చూస్తూ నడపాలి!

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి వుంది. మీ స్కేలుబద్దను బల్లమీద పెట్టి, వెనక కొసను ఒక్క వేలితో నెట్టండి. కాస్త దూరం పోయేసరికి పక్కకు తిరిగిపోతుంది. ఇప్పుడు దాని చిల్లుకు దారం కట్టి లాగండి. బుద్ధిగా మీ వెంట వస్తుంది.

కబ్ విమానం మీరు నెట్టిన స్కేలు లాంటిది. దాని బరువంతా ఒకచోట కూడిందనుకుంటే, ఆ చోటును గరిమనాభి అంటారు. అది ముందు చక్రాలకు కాస్త వెనకగా వుంటుంది. చక్రాలు ఆపబోతుంటే వెనకనుంచి బరువు నెడుతూ వుంటుందన్నమాట. విమానం సూటిగా పోతున్నంతసేపూ పరవాలేదు. కొంచెం వంకర తిరిగిందా, ఆ బరువు వంకరను ఇంకా పెంచుతుంది. పక్కగాలి తోకను నెట్టినా చాలు. చూస్తుండగానే విమానం గిరుక్కున తిరుగుతుంది. రెక్క కొస నేలకు కొట్టుకుంటుంది, ఒక్కొక్కప్పుడు చక్రాల కాళ్ళు విరుగుతాయి. లోపలివాళ్ళు చాలాసార్లు క్షేమంగానే బయటపడతారు. కాని ఆ పక్కన ఎవరైనా నిలబడివుంటే?

వంకరను దిద్దడానికి, పడవకున్నట్టే, తోకకు చుక్కాని వుంది. కాళ్ళతో పెడళ్ళు తొక్కి దాన్ని తిప్పుతారు. అయితే చుక్కానికి బలం ఇచ్చేది ఎదురు వచ్చే గాలి. విమానం నెమ్మదించేకొద్దీ ఆ గాలీ తగ్గుతుంది, చుక్కాని బలమూ తగ్గుతుంది. సరిగ్గా కావలసినప్పుడే! అందుకని వంకర వేలెడంత వున్నప్పుడే దిద్దాలి. కంగారుపడి గట్టిగా తొక్కితే విమానం రెండోవైపుకు తిరిగిపోతుంది.

దీనికి తరవాత ఒక ఉపాయం బాగా వాడుకలోకి వచ్చింది. చిన్న చక్రాన్ని ముక్కు కింద పెట్టి, పెద్ద చక్రాలను గరిమనాభికి వెనకగా జరిపారు. ఇప్పుడిది దారంతో లాగిన స్కేలు! 1948లో వచ్చిన సెస్నా 170కి తోకచక్రం వుండేది. దాన్ని మార్చి, 1956లో ముక్కుచక్రంతో సెస్నా 172ను అమ్మకానికి తెచ్చారు. ఇవి 40,000కు పైగా తయారైనాయి.

అయినా గండం పూర్తిగా పోలేదు. మరీ వేగంగా దిగి ముక్కుచక్రమే ముందుగా ఆనితే, బరువు దానిమీద పడి, ఒంటిచక్రం తోపుడుబండిలా విమానం పక్కకు లాగుతుంది. అందుకే దిగే తీరు బాగాలేదనిపిస్తే, నేల తాకకముందే మళ్ళీ పైకి లేచి, ఒక చుట్టు చుట్టి వస్తారు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

కబ్ విమానాలు ఇప్పటికీ ఎగురుతున్నాయి. వాటిని నడిపేవాళ్ళు, విమానం పూర్తిగా ఆగేదాకా, పెడళ్ళమీదినుంచి కాళ్ళు తియ్యరు.