తప్పెన్నే గొంతు

శత్రువులు చుట్టుముట్టిన వేళ వెనుకదళ నాయకుడు రోలాండ్ దగ్గర దంతపు బూర ఉంది. అది ఊదితే ముందు వెళ్తున్న షార్లమేన్ సైన్యం వెనక్కి మళ్లుతుంది. మిత్రుడు ఒలివర్ ఊదమని మళ్లీ మళ్లీ బతిమాలాడు. రోలాండ్ ఒప్పుకోలేదు. ఊదితే ఫ్రాన్సులో పరువు పోతుందట! 20,000 మంది వెనుకదళం ఆ పరువుకు బలైపోయింది.

778లో పిరనీస్ కనుమల్లో జరిగినది నిజానికి బాస్కుల మాటుదాడి. చరిత్రకారుడు ఐన్‌హార్డ్ మృతుల్లో ఒకడిగా రోలాండ్ పేరు చెప్పి ఊరుకున్నాడు. 1100 ప్రాంతపు ఫ్రెంచి వీరగాథ శత్రువుల్నే మార్చేసి దాన్ని మతయుద్ధం చేసింది. ఇంత స్వేచ్ఛ తీసుకున్న కవి తన నాయకుణ్ణి కడిగిన ముత్యంలా నిలబెట్టి ఉండొచ్చు. అలా చేయలేదు. చివరికి రోలాండ్ బూర ఊదుతానంటే, ఇంతమంది చచ్చాక ఎందుకని ఒలివర్ చేత మొహానే అడిగించాడు. ప్రాణమిత్రుడి నోటి నుంచి వచ్చింది కాబట్టి ఆ మాటకు అంత పదును.

మరో కవి క్రెతియాన్ ద త్రువా కావ్యంలో రాణిని కాపాడబోతున్న వీరుడు లాన్సలాట్ నేరస్థుల్ని ఊరేగించే బండి ఎక్కడానికి రెండడుగుల సేపు తటపటాయిస్తాడు. కత్తి అంచు వంతెన మీద చేతులూ కాళ్లూ కోసుకుంటూ పాకి వచ్చినా ఆ రాణే మొహం తిప్పుకుంటుంది. ఆ రెండడుగులే కారణం. ఇది మరీ అన్యాయమని నాకనిపిస్తుంది, కవికీ అనిపించిందేమో.

వీళ్లందరిలో నాకు దగ్గరివాడు గవైన్. 14వ శతాబ్ది చివరి ఆంగ్లకావ్యం అతనిది. అతిథిగా దిగిన కోటలో ఒక పందెం: పగలు ఎవరికేది దక్కినా సాయంత్రం మార్చుకోవాలి. కోట యజమాని వేటమాంసం తెస్తాడు. గవైన్ ఆయన భార్య పెట్టిన ముద్దుల్ని లెక్క తప్పకుండా ఆయనకే తిరిగి పెడతాడు. మూడో రోజు మాత్రం ఆమె ఇచ్చిన ఆకుపచ్చ పట్టు నడికట్టు దాచుకుంటాడు. అది కట్టుకున్నవాడికి చావు లేదని ఆమె చెప్పింది మరి. ముందే ఇచ్చిన మాట ప్రకారం మర్నాడు అతను గొడ్డలి కింద మెడ వంచాలి. మూడో వేటుకు మెడ మీద చిన్న గాటు పడుతుంది, అంతే. ఆ గొడ్డలి పట్టినవాడు కోట యజమానే. ప్రాణం మీది తీపితో చేసిన పని కదా, పెద్ద తప్పేం కాదంటాడు. గవైన్ మాత్రం సిగ్గుతో కుమిలిపోతాడు. మధ్యలో నెపం ఆడవాళ్ల మీదికి నెట్టబోతాడు కూడా. అతను తిరిగొచ్చాక ఆర్థర్ రాజు కొలువు హాయిగా నవ్వేసి, తామూ అలాంటి పచ్చ పట్టీలే కట్టుకుంటామంటుంది. ముగ్గురివి మూడు తీర్పులు. కవి ఎటూ మొగ్గడు.

అందరు కవులూ ఇంత మెలకువగా లేరు. స్పెయిన్ వీరుడు సిద్ దేశబహిష్కృతుడై చేతిలో చిల్లిగవ్వ లేక, రెండు పెట్టెల నిండా ఇసుక పోసి, అందులో బంగారముందని నమ్మించి రాకెల్, విదాస్ అనే వడ్డీ వ్యాపారుల దగ్గర 600 మార్కులు తీసుకుంటాడు. వాళ్లు యూదులని చాలామంది పండితుల అభిప్రాయం. తర్వాత వాళ్లొచ్చి మొరపెట్టుకుంటే సిద్ అనుచరుడు చూద్దామంటాడు. సిద్ వలెన్సియాకు ఏలిక అవుతాడు, కూతుళ్లకు రాచ సంబంధాలు కుదురుతాయి. బాకీ తీర్చినట్టు కావ్యంలో ఎక్కడా లేదు. రోలాండ్‌కు ఒలివర్ ఉన్నాడు, లాన్సలాట్‌కు రాణి ఉంది, గవైన్‌కు తన మనసే ఉంది. సిద్‌ను నిలదీసే నోరు ఆ ఇద్దరిదే. వాళ్లను కవి నవ్వించడానికే వాడుకున్నాడు.