సగం బాగైన చేతికీ పని ఉండాలి

మహానంది చుట్టుపక్కల తోటల్లో అరటి గెలలు కోసే రోజుల్లో గట్లన్నీ తడితడిగా ఉంటాయి. భుజాన గెలతో లారీ దాకా నడిచే కూలీ కాలు జారితే, ముందు నేలకు ఆనేది చెయ్యే, విరిగేదీ అదే. పుత్తూరు కట్టో, నంద్యాల ఆస్పత్రిలో పిండికట్టో పడుతుంది. ‘బాగయినంక రాప్పా’ అంటాడు మేస్త్రీ. ఆ మాటలో దయ లేదనలేం. కానీ ఆ పూట నుంచే కూలి ఆగిపోతుంది. ఆరేడు వారాలకు కట్టు విప్పితే ఆ చెయ్యి రెండో చెయ్యి కంటే సన్నబడి ఉంటుంది, నీళ్ల చెంబు ఎత్తినా వణుకుతుంది. ఈలోగా అంగట్లో బాకీ పెరిగి ఉంటుంది కనుక, ఆ వణికే చేత్తోనే మళ్లీ గెలకు భుజం పెడతాడు.

దెబ్బ తగిలిన మనిషికి మన దగ్గర ఉన్నవి రెండే: మంచం, లేదంటే పూర్తి బరువు. నడుమ మెట్టు లేదు.

ఈఎస్‌ఐ బీమా ఉన్నవారికి కొంత నయం. పనిలో గాయపడితే కోలుకునేదాకా కూలిలో 90 శాతం భృతిగా వస్తుంది. అయితే అక్కడా ఒక చిక్కుంది. కూర్చుని చేసే తేలిక పనికి వెళ్లినా ఆ రోజు భృతి రాదు. జర్మనీలో ఈ చిక్కు విప్పుకున్నారు. ఏడాదిలో ఆరు వారాలు మించి అనారోగ్యంతో ఉన్న ఉద్యోగిని తిరిగి పనిలోకి ఎలా తేవాలో అతనితో మాట్లాడే బాధ్యతను 2004 నుంచి యజమాని మీద పెట్టారు. రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవచ్చు, అంతవరకు భృతి ఆగదు.

మన సర్కారు ఉద్యోగికీ అండ ఉంది. కాలు కోల్పోయిన కానిస్టేబుల్‌ను ఇంటికి పంపడం చెల్లదని 2003లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని చూపాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

తోట కూలీకి ఇవేవీ అందవు. ఒంటి చేత్తో చేయదగ్గ పని మాత్రం తోటలో ఉంది. కాటా దగ్గర లెక్క రాయొచ్చు, డ్రిప్పు పైపులు చూసుకోవచ్చు, గెలల్లో ఏది కోతకొచ్చిందో చూసి చెప్పొచ్చు. ఏళ్ల తరబడి గెలలు మోసిన మనిషికి ఆ చూపు ఎవరూ నేర్పనక్కర్లేదు. సగం పనికి నిండు కూలి ఇవ్వమని అరటి ధర పడిపోయి దిగాలుగా ఉన్న కౌలు రైతును అడగలేం. ఆ తరుగు ప్రభుత్వమే భరించాలి.

ఆ ఏర్పాటు వచ్చేదాకా డాక్టర్లు చేయగలిగింది ఒకటుంది. కట్టు విప్పిన రోజున మందుల చీటీ మీదే, ఎంత బరువు ఎత్తొచ్చో, ఎన్నాళ్లు ఎత్తకూడదో తెలుగులో రాసివ్వాలి. మేస్త్రీ ముందు నోరు విప్పడానికి కూలీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.