ఒక పళ్లెపు భోజనము

ఇథియోపియా విశ్వవిద్యాలయములలో ఏండ్ల తరబడి పాఠములు చెప్పియు, అచ్చటివారి నిత్యాహారమగు ఇంజెరాను ఒకనాడు కొంచెము నోట వేసికొని, పులుపని ప్రక్కకు నెట్టి, పెట్టెలో తెచ్చుకొన్న కందిపొడితోను ఆవకాయతోను కాలము గడపి తిరిగివచ్చిన తెలుగు అధ్యాపకులను నేను పలువురిని ఎరుగుదును. నీలనైలు పుట్టు తానా సరస్సు ఒడ్డున, బహిర్‌దారు పట్టణమున, నేనున్న కాలమున ఇది చూచి మిక్కిలి నొచ్చుకొంటిని.

ఇంజెరా చేయుటకు, ఆవగింజకంటె ఎంతో సన్ననిదగు టెఫ్ అను ధాన్యపు పిండిని నీట కలిపి, వెనుకటి పిండిపై తేరిన నీటిని తోడుగా పోసి, రెండు మూడు దినములు పులియనిచ్చి, మితాద్ అను వెడల్పైన మట్టిపెనముపై, మన అట్టువలె నడుమనుండి అంచునకు గాక, అంచునుండి నడుమకు సన్నని ధారగా చుట్టలు చుట్టుచు పోయుదురు. మూతపెట్టి ఆవిరిపై ఉడికింతురే గాని తిరుగవేయరు. అంతట పైభాగమెల్ల కన్నులు కన్నులుగా విచ్చుకొనును. కూరలోని పులుసును పీల్చుకొనునవి ఆ కన్నులే కావున, అవి సమముగా విచ్చినవో లేదో చూచియే చేసిన యిల్లాలి నేర్పును నిర్ణయింతురు.

మాంసమునకు వెఱచి తినలేదనుట చెల్లదు. అచ్చటి ఆర్థొడాక్సు క్రైస్తవులు బుధ, శుక్రవారములందును, ఈస్టరునకు ముందటి 55 దినములందును మాంసము, పాలు, నేయి, గ్రుడ్లు ముట్టరు. ఆ దినములలో సెనగపిండితో కాచిన షిరో, బెర్బెరె కారము వేసిన మసూరుపప్పు, ఆకుకూరలు ఇంజెరాపై కుప్పలుగా పెట్టి వడ్డింతురు; శాకాహారికి అంతకు మించిన విందు నేను పరదేశమున ఎరుగను.

గోంగూరయు చింతకాయయు తిని పెరిగిన నాలుకకు పులుపు అడ్డంకి యనిన నేను నమ్మను. అసలైన అడ్డంకి ఎంగిలి. అందరును ఒకే పళ్లెము చుట్టును కూర్చుండి, కుడిచేతితో తమ వైపు త్రుంచుకొని తినుటయు, గృహస్థు ఒక ముద్ద చుట్టి అతిథి నోట స్వయముగా పెట్టుటయు వారి మర్యాద. ఆ ముద్దను గుర్షా యందురు. సహోద్యోగి తల్లి, వయోవృద్ధురాలు, నిండుగా పప్పు పొదిగిన ముద్దతో చేయి చాచినప్పుడు, ఎంగిలి యని బాల్యమునుండి విన్న హెచ్చరిక యొకటి నా గొంతున అడ్డుపడిన మాట నిజము. ఐనను నోరు తెఱచితిని. పప్పులోని కారమును ఇంజెరా పులుపును ఒకదానికొకటి ఎంతగా అవసరమో, విడివిడిగా రుచిచూచినపుడు తెలియనిది, ఆ ముద్దలో తెలిసినది.

అచ్చటికి కొత్తగా వెళ్లు మనవారు కందిపొడిని తప్పక తీసికొని పోవచ్చును. కాని శుక్రవారపు భోజనమునకు పిలుపు వచ్చినప్పుడు వంక చెప్పక వెళ్లవలెను, గుర్షా పెట్టు చేతిని కాదనరాదు.