నిజం తేలకుండా సయోధ్య లేదు

నియంతృత్వం కూలిన ప్రతి దేశంలోనూ ఒక సలహా వినిపిస్తుంది: జరిగిందేదో జరిగింది, పాత గాయాలు కెలకొద్దు. బాధితులు ఎన్నడూ అడగని సలహా ఇది. దీనికి అర్జెంటీనా చరిత్రే జవాబు.

1976 మార్చి 24న అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఇళ్లలోంచి, వీధుల్లోంచి మనుషుల్ని ఎత్తుకుపోయి రహస్య నిర్బంధ కేంద్రాల్లో చిత్రహింసలు పెట్టింది. ఎందరికో మత్తుమందిచ్చి విమానాల్లోంచి సముద్రంలోకి తోసేసింది. ఏడాది తర్వాత సైనిక పాలకులకు బహిరంగ లేఖ రాసిన రచయిత రొడోల్ఫో వాల్ష్‌ను మర్నాడే మాటువేసి కాల్చారు. ఆయన మృతదేహం ఇప్పటికీ దొరకలేదు. అలా మాయమైనవాళ్ల తల్లులు 1977 ఏప్రిల్‌లో అధ్యక్ష భవనం ఎదుటి ప్లాజా ద మాయోకు వచ్చి, మా పిల్లలేరని నిలదీశారు.

1983 డిసెంబరులో పౌర ప్రభుత్వం వచ్చింది. వారం తిరక్కుండానే అధ్యక్షుడు అల్ఫోన్సిన్ విచారణ సంఘం వేశాడు. దానికి సారథి నవలాకారుడు ఎర్నెస్తో సాబతో. తొమ్మిది నెలల్లో వేలాది వాంగ్మూలాలు సేకరించి, 8,960 మంది అదృశ్యమయ్యారని ఆ సంఘం నమోదు చేసింది. హక్కుల సంఘాల లెక్క 30,000. 1985లో పౌర న్యాయస్థానం సైనికాధినేత విడేలాకు యావజ్జీవ శిక్ష వేసింది.

తర్వాత సైన్యం ఒత్తిడికి ప్రభుత్వం లొంగింది. 1986, 87 చట్టాలు విచారణలను ఆపేశాయి. తర్వాతి అధ్యక్షుడు మెనెమ్ విడేలాకు క్షమాభిక్ష పెట్టాడు. అయితే నిర్బంధంలో పుట్టిన పసికందుల అపహరణకు ఆ చట్టాలు వర్తించలేదు. అమ్మమ్మలు, నాయనమ్మలు పట్టువదలకుండా, జన్యు పరీక్షల సాయంతో మనవల్ని వెతికారు. ఆ నేరం మీదే 1998లో విడేలా మళ్లీ అరెస్టయ్యాడు. 2005లో సుప్రీంకోర్టు ఆ రెండు చట్టాలూ రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. 2013లో విడేలా జైలులోనే చనిపోయాడు.

క్షమించే హక్కు బాధితులది. వాళ్ల తరఫున దాన్ని ధారపోసే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు. వర్ణవివక్ష పాలన ముగిశాక దక్షిణాఫ్రికా సైతం నేరాన్ని పూర్తిగా బయటపెట్టినవాళ్లకే క్షమాభిక్ష అని షరతు పెట్టింది. కోర్టుల తలుపులు మూసుకున్న కాలంలో సాక్ష్యాన్ని కాపాడేది రాతే. అందుకే బాధితుల పేర్లు, తేదీలు, వాంగ్మూలాలు పోగుచేయడం సాహిత్యకారుల పని కూడా. సయోధ్య పేరుతో ఆ పని మానమని ఏ పాలకులు అడిగినా, రచయితలు ఒప్పుకోకూడదు.