హెచ్చరిక: ఉద్దానం కింద నది లేదు, బోరు దింపే ముందు ఆగండి

ఎండలు ముదిరితే చాలు, శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా రిగ్గు లారీలకు తీరిక ఉండదు. నుయ్యి ఎండిందని ఒకరు, పక్క తోటలో 300 అడుగులకు పడిందని ఇంకొకరు, అంతకంటే లోతుకు దింపాలని మరొకరు. ఈ పరుగు వెనుక ఒక నమ్మకం ఉంది: నేల కింద ఎక్కడో గంగ పారుతోంది, లోతుకు దిగితే దొరుకుతుంది, దొరికాక ఇక తరగదు. ఆ నమ్మకం తప్పు. దాని మీద అప్పు చేయకండి, తోట తాకట్టు పెట్టకండి.

భూమి కింద నదులు లేవని మేం అనడం లేదు. మన రాష్ట్రంలోనే ఉన్నాయి. అనంతగిరి కొండల్లో గోస్తనీ నది బొర్రా గుహలను తొలుచుకుంటూ పారి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నంద్యాల జిల్లాలో బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున నేల కింద పరుచుకున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశారు. దాదాపు వందేళ్ల తర్వాత, 1982-83లో, డేనియల్ గెబావర్ బృందం లోపలంతా కొలిచింది. అక్కడ అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ. ప్రవేశద్వారం మట్టానికి 46 మీటర్ల దిగువన సన్నని ధార పారుతూ వచ్చి రాతిలోకి మాయమవుతుంది. చూసి వచ్చినవాళ్లెవరికైనా మన తోట కింద కూడా ఇలాంటిది ఉండకపోతుందా అనిపించడం సహజం.

ఉండదు, ఎందుకంటే మన రాయి వేరు. బొర్రాలోనూ బెలుంలోనూ ఉన్నది సున్నపురాయి. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీటికి సున్నపురాయి కరుగుతుంది. వేలు, లక్షల ఏళ్లు కరగ్గా కరగ్గా చిన్న చీలిక సొరంగమై, సొరంగం గుహై, అందులో నది దారి చేసుకుంటుంది. మన ఉద్దానంలో పైన ఇసుక, ఒండ్రుమట్టి. వాటి కింద ఖోండలైటు, చార్నొకైటు, నైసు వంటి గట్టి రాళ్లు. ఇవి నీటికి అలా కరిగేవి కావు. వీటిలో నీరు ఉండేది పైనున్న చివికిన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే. గోడ బీటలో తడి నిలిచినట్టు నిలుస్తుంది, అంతే. లోతుకు పోయేకొద్దీ పై రాతి బరువుకు ఆ పగుళ్లు బిగుసుకుంటాయి, నీరు దొరికే అవకాశం పెరగదు, తగ్గుతుంది.

బోరు దింపేటప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోట గుర్తు పెడతారు, అక్కడ రెండు జలలు కలుస్తున్నాయంటారు. రాత్రి రిగ్గు మొదలవుతుంది. కంప్రెసర్ హోరులో రాతిపిండి లేచి కొబ్బరి మట్టల మీద బూడిదలా పడుతుంది. తడి తగలదు. "ఇంకో వంద దిగితే పడతాది బాబూ" అంటారు. ఆ వంద అడుగులకూ డబ్బు రైతుదే. ఇంకో వంద, మరో వంద. తెల్లారేసరికి మిగిలేది పిండి కుప్ప, అప్పు పత్రం. కొన్నిసార్లు నీరు పడుతుంది, నిజమే. చివికిన పొర ఉన్న నేలలో చాలాచోట్ల ఎంతో కొంత తడి తగులుతుంది. ఆ ఘనత కొబ్బరికాయది కాదు.

తీరం వెంబడి ముప్పు అంతకంటే పెద్దది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల దాకా ఉప్పునీటిని అణిచి పెట్టగలదు. ఈ లెక్క ఇంజనీర్లకు వందేళ్లకు పైగా తెలుసు. దాన్ని తిరగేసి చూడండి. తోడి తోడి అర మీటరు మట్టం తగ్గిస్తే, కింది నుంచి ఉప్పునీరు 20 మీటర్లు పైకి రాగలదు. ఒకసారి ఉప్పెక్కిన నూతిలో మళ్లీ మంచినీళ్లు ఊరడానికి ఏళ్లు పడుతుంది. ఒకరి లోతు బోరు వీధి మొత్తం నూతుల్ని చెడగొడుతుంది.

ఈ గడ్డ మీద నీళ్ల మాట ఎత్తితే ఉద్దానంలో ఎంతోమందిని పట్టిన కిడ్నీ జబ్బు మాట రాకుండా ఉండదు. ఎన్ని అధ్యయనాలు జరిగినా, ఆ జబ్బుకు కారణం ఫలానా అని శాస్త్రం ఇప్పటికీ తేల్చలేదు. కాబట్టి లోతు రాతి నీటిని పరీక్ష లేకుండా పిల్లలకు తాగించే సాహసం ఎవరూ చేయకూడదు. హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. తాగడానికి ఆ నీరు అందుతున్న ఊళ్లలో దాన్నే వాడండి. అందని ఊళ్లు ఉంటే, ఆ కుళాయి కోసం పంచాయతీని, అధికారుల్ని నిలదీయండి. ఆ పోరాటం న్యాయమైనది.

ఇంకో ప్రమాదం నేల మీదే ఉంది. నీళ్లు పడని బోరులోంచి కేసింగు పైపు పీకేసి, నోటి మీద గోనెసంచి కప్పి వదిలేస్తున్నారు. ఆ కంతలో పిల్లలు పడి చనిపోయిన ఘటనలు దేశమంతా చూసింది. అలాంటి బోర్లను మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మీ తోటలో అలాంటిది ఉంటే రేపటిదాకా ఆగకండి, ఈరోజే పూడ్చండి.

నీళ్లు ఎక్కడివి మరి అంటారా? పైనుంచి వచ్చేవే. మన జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అంటే ఎకరం తోట మీద 40 లక్షల లీటర్లు. మన ఇసుక నేల దాన్ని తాగడానికి సిద్ధంగా ఉంటుంది, మనమే కాలవకట్టి సముద్రంలోకి పంపేస్తున్నాం. తొలకరిలోపు చెరువుల పూడిక తీయండి, ఆక్రమించిన గట్లు వదిలేయండి. పాత నేలనూతుల్ని చెత్తతో నింపకుండా బాగుచేయండి, తోటలో ఇంకుడు గుంతలు తవ్వండి. కొబ్బరికి పాదుల్లో వరద పారించకుండా డ్రిప్పు పెట్టండి.

బోరు తప్పదనుకుంటే ముందు భూగర్భ జల శాఖ చేత సర్వే చేయించండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం అనుమతి తీసుకోండి. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు బోరు వేయకండి. ఎన్ని అడుగుల దగ్గర ఆపేయాలో సర్వే చెప్పినదాన్ని బట్టి రిగ్గు రాకముందే కాగితం మీద రాసుకోండి, రాత్రి ఎవరు ఆశ పెట్టినా ఆ గీత దాటకండి. అనుమతి లేని రిగ్గు ఊళ్లోకి వస్తే రెవెన్యూ అధికారులు అక్కడికక్కడే ఆపాలి. చూసీచూడనట్టు వదిలేస్తే ఆ అప్పుల్లో, ఆ ఉప్పులో వాళ్లకూ వాటా ఉంటుంది.